మందుల కంప్యూటర్‌కు తాళం.. జవాబు చెప్పేదెవరు?

బరంపురం:

2017 మే నెల. ఎండలు మండిపోతున్నాయి. బరంపురం సిటీ ఆసుపత్రిలో ఈ-మెడిసిన్ సేవలకు వాడే కంప్యూటర్ తెరిస్తే రోజూ కనిపించే పట్టిక రాలేదు. దాని బదులు ఎర్ర పెట్టె ఒకటి ప్రత్యక్షమైంది. 'మీ ఫైళ్లకు తాళం వేశాం. 300 డాలర్లు కట్టండి. మూడు రోజులు దాటితే 600. వారం దాటితే ఫైళ్ల మీద ఆశ వదులుకోండి'.. అప్పట్లో ప్రపంచమంతా చూసిన ఆ పెట్టె సారాంశం ఇదే. పక్కన గడియారం అంకెలు ఒక్కొక్కటే తగ్గిపోతుంటాయి. డబ్బు నోట్లలో కాదు, బిట్‌కాయిన్లలో చెల్లించాలట! దాని పేరు 'వాన్నాక్రై'. పేరులోనే ఏడుపు ఉంది.

300 డాలర్లంటే అప్పటి లెక్కలో సుమారు 19 వేల రూపాయలు. రోగి దగ్గర పైసా తీసుకోకుండా మందులిచ్చే సర్కారీ ఆసుపత్రి నుంచి ఎవరో, ఎక్కడి నుంచో అడిగిన సొమ్ము అది. ఎందుకు కట్టాలి అన్న ప్రశ్నకు జవాబు తేలికే. ఈ తిప్పలకు బాధ్యులెవరు అన్నది మాత్రం ఇన్నేళ్లయినా తెగని లెక్క.

పేదోడి మందుల లెక్క

ఒడిశా ప్రభుత్వం 2015లో 'నిరామయ' పేరుతో ఉచిత మందుల పథకం మొదలుపెట్టింది. మందులు కొనేది రాష్ట్ర మెడికల్ కార్పొరేషన్. డాక్టరుగారు చీటీ రాస్తారు. రోగి దాన్ని పట్టుకుని కౌంటర్ దగ్గర వరుసలో నిలబడతాడు. అక్కడి ఉద్యోగి చీటీలోని మందులను కంప్యూటర్‌లో ఎక్కించి మాత్రలు చేతికిస్తాడు. ఏ మందు ఎంత ఇచ్చారు, స్టోరులో ఇంకెంత ఉంది, ఏ పెట్టెకు గడువు ఎప్పుడు తీరుతుంది.. అంతా ఆ పెట్టెలోనే. మందులు పక్కదారి పట్టకుండా చూడటానికి ఇది మంచి ఏర్పాటే. కాదనేవాళ్లు లేరు. చిక్కల్లా ఒక్కటే. పెట్టె మూగబోతే లెక్కా మూగబోతుంది. మందు స్టోరులో ఉన్నా, ఉందో లేదో తెలీదు.

గంజాం జిల్లావాసులకు ఇది ఎంత ముఖ్యమో సరిహద్దు అవతలి వాళ్లకూ అంతే. 1936 దాకా ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. రాష్ట్రాలు వేరయ్యాయి గానీ రోగాలకు చెక్‌పోస్టులు లేవు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు జనానికి పెద్ద వైద్యమంటే ఇప్పటికీ బరంపురమే గుర్తుకొస్తుంది. 1962లో మొదలైన ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వచ్చే తెలుగువాళ్లు తక్కువేం కాదు. బస్సు చార్జీ, ఆ రోజు కూలి, తోడొచ్చిన మనిషి కూలి.. ఇవన్నీ కలిపితేనే ఒక ఓపీ చీటీ ఖర్చు. అలాంటి మనిషికి కౌంటర్‌లో 'కంప్యూటర్ పని చేయట్లేదు, రేపు రండి' అంటే ఆ రేపటికి మళ్లీ అదంతా కట్టాలి. ఒడియా చదవడం రాని వాళ్లయితే గోడకు అంటించిన కాగితంలో ఏముందో ఇంకొకరిని అడగాలి.

శ్రీకాకుళం పోలీసులకూ తప్పలేదు

ఇది ఒక్క బరంపురం గొడవ కాదు. 2017 మే 12, శుక్రవారం నాడు మొదలైన దాడి రెండు మూడు రోజుల్లోనే 150 దేశాలకు పాకింది. రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని బారిన పడ్డాయని యూరప్ పోలీసు సంస్థ యూరోపోల్ లెక్కగట్టింది. మన పక్కన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో 18 యూనిట్ల కంప్యూటర్లకు తాళాలు పడ్డాయి. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నంతో పాటు శ్రీకాకుళం కూడా ఆ జాబితాలో ఉంది. కేరళలో పంచాయతీ ఆఫీసులు, పశ్చిమ బెంగాల్‌లో కరెంటు ఆఫీసులు కూడా చిక్కుకున్నాయి. దొంగను పట్టాల్సిన పోలీసు కంప్యూటర్‌కే దొంగ తాళం వేశాడంటే ఆసుపత్రి కౌంటర్ ఏపాటిది?

'నువ్వేం నొక్కావు?'

ఆఫీసులో కంప్యూటర్ ఆగిపోగానే ఎక్కడైనా పడే మొదటి ప్రశ్న ఇదే. పడేది ఎవరి మీద? కుర్చీలో కూర్చున్న డేటా ఎంట్రీ ఆపరేటర్ మీద. చాలా ఆఫీసుల్లో ఆ మనిషి పర్మినెంటు ఉద్యోగి కూడా కాదు. ఏజెన్సీ ద్వారా వచ్చినవాడు. జీతం నెలనెలా వస్తుందో లేదో తెలీదు గానీ నింద మాత్రం ఠంచనుగా వస్తుంది. ఏ ఈ-మెయిల్ తెరిచావు, ఏ సినిమా పెన్‌డ్రైవ్ పెట్టావు అని ఆరా తీస్తారు.

వాన్నాక్రై విషయంలో ఆ ప్రశ్నే తప్పు. ఎవరూ ఏదీ నొక్కనక్కర్లేదు. విండోస్ కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఫైళ్లు పంచుకోవడానికి వాడే దారిలో ఒక లోపం ఉంది. ఆ లోపాన్ని పట్టుకుని పురుగు తనంతట తానే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకుతుంది. నెట్‌వర్క్‌కు కలిసి ఉండి, ఆ లోపం పూడ్చకుండా వదిలేసిన కంప్యూటర్ అయితే చాలు. ఆపరేటర్ టీకి వెళ్లినా, సెలవులో ఉన్నా తాళం పడుతుంది.

మరి ఆ లోపం పూడ్చాల్సింది ఎవరు? ఇక్కడే గొలుసు మొదలవుతుంది.

గొలుసులో చాలా చేతులు

మొదటి చేయి దొంగది. 2017 డిసెంబరులో అమెరికా, బ్రిటన్ ఇది ఉత్తర కొరియా పని అని బాహాటంగా ప్రకటించాయి. 2018 సెప్టెంబరులో పార్క్ జిన్ హ్యోక్ అనే ఉత్తర కొరియా ప్రోగ్రామర్ మీద అమెరికా న్యాయశాఖ అభియోగం మోపింది. ఉత్తర కొరియా తనకేం సంబంధం లేదంది. పార్క్ అమెరికా కోర్టు మెట్లెక్కింది లేదు. బరంపురం ఆసుపత్రికి జరిగిన నష్టానికి ప్యాంగ్యాంగ్ నుంచి పరిహారం వస్తుందని కలలో కూడా అనుకోలేం.

రెండో చేయి మరీ చిత్రమైనది. ఆ లోపాన్ని ముందుగా కనిపెట్టింది దొంగ కాదు, అమెరికా గూఢచార సంస్థ ఎన్‌ఎస్‌ఏ. కనిపెట్టిన వెంటనే కంపెనీకి చెప్పలేదు. 'ఎటర్నల్ బ్లూ' అని పేరుపెట్టి సొంత ఆయుధంగా దాచుకుంది. ఐదేళ్లకు పైగా వాడుకుందని అమెరికా పత్రికలే రాశాయి. ఆ ఆయుధం చోరీ అయింది. 'షాడో బ్రోకర్స్' అనే ముఠా దాన్ని 2017 ఏప్రిల్ 14న బజార్లో పడేసింది. నెల తిరక్కుండానే వాన్నాక్రై పుట్టింది. తుపాకీ పోగొట్టుకున్న కానిస్టేబుల్‌ను సస్పెండ్ చేస్తారు. ఇంత ఆయుధం పోగొట్టుకున్నందుకు సంజాయిషీ ఇచ్చిందెవరు?

మూడో చేయి మైక్రోసాఫ్ట్. మన హైదరాబాద్ బిడ్డ సత్య నాదెళ్ల నడిపించే కంపెనీ. లోపం దాని సరుకులోనే ఉంది. అయితే 2017 మార్చి 14నే, అంటే దాడికి రెండు నెలల ముందే, చిల్లుకు అతుకు వేసింది. దీన్నే 'ప్యాచ్' అంటారు. సైకిల్ ట్యూబుకు వేసే ప్యాచ్ లాంటిదే. కానీ 2014లోనే కాలం చెల్లిందని ప్రకటించిన విండోస్ ఎక్స్‌పీ లాంటి పాత వాటికి ఆ ప్యాచ్ ప్రత్యేకంగా డబ్బు కట్టే ఖాతాదారులకే దక్కింది. దాడి జరిగి, గగ్గోలు పుట్టాక గానీ అందరికీ ఉచితంగా ఇవ్వలేదు. గూఢచారులు లోపాలు దాచుకుంటే ఇలాగే అవుతుందని కంపెనీ పెద్దలు అమెరికా సర్కారును తిట్టారు. తిట్టడంలో న్యాయం ఉంది. తమ వంతు గురించి అంత గట్టిగా మాట్లాడలేదంతే.

నాలుగో చేయి మన దగ్గరిదే. ప్యాచ్ వచ్చిందని తెలుసుకుని, ప్రతి కంప్యూటర్‌లో వేయించాల్సిన వాళ్లు. ఆసుపత్రి సూపరింటెండెంటా? ఆయన డాక్టరు. జిల్లా వైద్యాధికారా? సాఫ్ట్‌వేర్ రాసిన సంస్థా? కంప్యూటర్ అమ్మిన షాపా? ఏడాదికోసారి మరమ్మతు కాంట్రాక్టు.. అదే ఏఎంసీ.. తీసుకున్న ఏజెన్సీనా? ఏఎంసీ కాగితంలో మౌస్, కీబోర్డు, ప్రింటర్ గురించి ఉంటుంది. ప్యాచ్ గురించి ఒక్క ముక్క ఉంటే గొప్పే. అందరి బాధ్యతా అయిన పని ఎవరి బాధ్యతా కాకుండా పోయేది ఇలాంటి చోటే.

లెక్క తేల్చిన బ్రిటన్

బ్రిటన్‌లో సర్కారీ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్‌ను వాన్నాక్రై చావుదెబ్బ కొట్టింది. ఇంగ్లండ్‌లోని 236 ఆసుపత్రి ట్రస్టుల్లో కనీసం 81 దెబ్బతిన్నాయి. 595 చిన్న క్లినిక్‌లూ చిక్కుకున్నాయి. రద్దయిన అపాయింట్‌మెంట్లు దొరికిన లెక్క ప్రకారమే 6,912. అంచనా మాత్రం 19 వేలు. ఐదు చోట్ల ఎమర్జెన్సీకి వచ్చిన అంబులెన్సులను వేరే ఆసుపత్రులకు మళ్లించారు. నష్టం 9.2 కోట్ల పౌండ్లని సర్కారే తర్వాత చెప్పింది.

అక్కడ జరిగిన మంచి పని ఒకటుంది. మన కాగ్ లాంటి ఆడిట్ సంస్థ రంగంలోకి దిగి 2017 అక్టోబరులోనే నివేదిక బయట పెట్టింది. ఉత్తర కొరియా మీద నెపం వేసి ఊరుకోలేదు. ప్యాచ్ వేయండని ఏప్రిల్‌లోనే కబురు పంపినా వైరస్ సోకిన సంస్థలు వేయలేదని తేల్చింది. దాడికి ముందు 88 ట్రస్టులను పరీక్షిస్తే ఒక్కటీ పాస్ కాలేదని చెప్పింది. దాడి జరిగిన రోజున ఎవరు ముందుండి నడిపించాలో వెంటనే స్పష్టం కాలేదని కూడా రాసింది. మామూలు జాగ్రత్తలు పాటించి ఉంటే ఇంత జరిగేది కాదన్నది దాని తీర్పు. ఆ నివేదికను ఎవరైనా చదవొచ్చు. బరంపురంలో ఆ రోజు ఏం జరిగిందో అలా ఎవరైనా చదువుకునే కాగితం ఉంటే ఈ కథ ఇంత పొడుగు అయ్యేది కాదు.

మొత్తానికి ఆ పురుగును ఆపింది ఏ ప్రభుత్వమూ కాదు. మార్కస్ హచిన్స్ అనే 22 ఏళ్ల ఇంగ్లండ్ కుర్రాడు. పురుగు ఒక వింత వెబ్ చిరునామా కోసం వెతుకుతోందని గమనించి, పది డాలర్ల చిల్లరతో ఆ చిరునామాను తన పేర రిజిస్టర్ చేయించాడు. అది దొరకగానే పురుగు పాకడం మానేసింది. అప్పటికే తాళం పడిన వాళ్లకు మాత్రం దానివల్ల ఒరిగిందేమీ లేదు.

ఢిల్లీ ఎయిమ్స్‌లో రెండు వారాలు

మనకు పాఠం నేర్చుకోవడానికి ఐదేళ్లు దొరికాయి. 2022 నవంబరు 23 ఉదయం ఢిల్లీ ఎయిమ్స్‌లో సర్వర్లు ఆగిపోయాయి. దేశంలోని పెద్దాసుపత్రుల్లో ఒకటి! ఐదు సర్వర్లలో 1.3 టెరాబైట్ల సమాచారానికి తాళం పడింది. ఓపీ, అడ్మిషన్లు, ల్యాబు రిపోర్టులు, డిశ్చార్జి.. అన్నీ దాదాపు రెండు వారాలు చేతిరాత మీదే నడిచాయి. ఢిల్లీ పోలీసులు బలవంతపు వసూళ్లు, సైబర్ ఉగ్రవాదం కింద కేసు పెట్టారు. దాడి సోకని ఒక బ్యాకప్ సర్వర్ మిగలబట్టి ఈ-హాస్పిటల్ సమాచారం తిరిగి దక్కింది. అదీ పోయి ఉంటే?

నెట్‌వర్క్‌ను సరిగా విడగొట్టకపోవడం వల్లే ఇలా జరిగిందని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ఇంటి భాషలో చెప్పాలంటే, గదికి గదికి మధ్య తలుపుల్లేని ఇల్లు. దొంగ వీధి గదిలోకి వస్తే బీరువా దాకా అడ్డే లేదు. అలాంటి ఇల్లు ఒక్క రోజులో కట్టుకున్నది కాదు. ఏళ్ల తరబడి ఎందరో సంతకాలు పెడితేనే అలా తయారవుతుంది. కానీ అప్పట్లో వేటు పడింది ఎవరి మీదంటే.. ఇద్దరు సిస్టమ్ ఉద్యోగుల మీద!

ప్రాణం పోతే?

2020 సెప్టెంబరులో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ యూనివర్సిటీ ఆసుపత్రి మీద ఇలాంటి దాడే జరిగింది. ఎమర్జెన్సీ మూసేశారు. ప్రాణాపాయంలో ఉన్న ఓ వృద్ధురాలిని సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని వుప్పర్టాల్‌కు తరలించారు. ఆమె చనిపోయింది. తాము తాళం వేసింది ఆసుపత్రికని పోలీసులు చెప్పాక దొంగలు తాళంచెవి ఇచ్చేశారు. వాళ్లు గురిపెట్టింది యూనివర్సిటీకట! నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరం కింద ప్రాసిక్యూటర్లు విచారణ చేశారు. ఆమె అప్పటికే తీవ్ర అస్వస్థతలో ఉందని, ఆలస్యం వల్లే చావు వచ్చిందని రుజువు చేయలేమని చివరికి వదిలేశారు.

గంజాం జిల్లాలో 30 కిలోమీటర్లంటే అస్కా నుంచి బరంపురం రావడం కంటే కూడా తక్కువే. ఆ దూరం ఎంత బరువో ఇక్కడి వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఐర్లాండ్ కథ ఇంకో రకం. 2021 మార్చిలో ఒక ఉద్యోగి ఈ-మెయిల్‌లో వచ్చిన ఎక్సెల్ ఫైలు తెరిచారు. అక్కడ నిజంగానే 'నొక్కిన' మనిషి ఉన్నారు. కానీ తాళం పడింది మే 14న. మధ్యలో ఎనిమిది వారాలు! ఆ మధ్యలో హెచ్చరిక గంటలు మోగినా పట్టించుకున్నవాళ్లు లేరు. తర్వాత జరిపించిన స్వతంత్ర విచారణ ఒక మాట తేల్చింది. దేశం మొత్తానికి వైద్యం చేసే ఆ సంస్థలో సైబర్ భద్రతకు ఇదిగో ఈయన బాధ్యుడు అని చెప్పదగ్గ పెద్ద అధికారి ఒక్కరూ లేరు. తప్పు నొక్కిన వేలు దగ్గర ఆగలేదన్నమాట.

చట్టం ఏమంటోంది?

మన ఐటీ చట్టం 2000లో వచ్చింది. కంప్యూటర్లను పాడుచేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. సైబర్ ఉగ్రవాదమైతే యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. విదేశాల్లో కూర్చుని చేసినా వర్తిస్తుందని అదే చట్టం చెబుతోంది. దొంగ దొరికితే గదా!

కాపలా సరిగా పెట్టని వాళ్ల సంగతికొస్తే.. 2008 సవరణలో తెచ్చిన 43ఏ సెక్షన్ పరిహారం మాట ఎత్తింది గానీ అది కంపెనీలు, వ్యాపార సంస్థలను ఉద్దేశించింది. సర్కారీ ఆసుపత్రి దాని చేతికి చిక్కదు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ ఉత్తర్వు ఇచ్చింది. దాడి సంగతి తెలిసిన ఆరు గంటల్లోగా కబురు చేయాలని, ఆరు నెలల లాగ్‌లు భద్రపరచాలని అందులో ఉంది. ప్రభుత్వ సంస్థలకూ ఇది వర్తిస్తుంది. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఇంకో అడుగు వేసింది. తగిన భద్రత పెట్టని వాళ్లకు 250 కోట్ల దాకా జరిమానా రాసింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అసలైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. జరిమానా వసూలైనా వెళ్లేది ఖజానాకే. 'రేపు రండి' అనిపించుకున్న రోగికి బస్సు చార్జీ ఇప్పించే సెక్షన్ అందులో కనబడదు.

తుపానుకు ఉన్న కాగితం దీనికేదీ?

గంజాం జనానికి విపత్తు కొత్త కాదు. 2013 అక్టోబరు 12న పైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఒడిశాలో దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు. 1999 సూపర్ సైక్లోన్‌లో పదివేల మంది పోయిన రాష్ట్రంలో ఈసారి మృతులు పదుల్లోనే ఆగారు. అప్పుడు తుపానును పంపిందెవరని ఎవరూ అడగలేదు. ఏ షెల్టర్ తాళంచెవి ఎవరి దగ్గర ఉంది, ఏ ఊరికి ఏ అధికారి వెళ్తాడు, బియ్యం ఎక్కడ ఉన్నాయి.. ఇవే అడిగారు. పేర్లతో సహా కాగితం మీద ఉంది కాబట్టి జనం బతికారు.

కంప్యూటర్ తుపానుకూ అలాంటి కాగితమే కావాలి. పెద్ద ఖర్చు కూడా కాదు. ప్యాచ్‌లు వేయించే అధికారి పేరు. బ్యాకప్ ఎన్నాళ్లకోసారి తీస్తున్నారు, తీసినదాన్ని నెట్‌వర్క్‌కు దూరంగా వేరే చోట పెడుతున్నారా, అది నిజంగా తెరుచుకుంటుందో లేదో చివరిసారి ఎప్పుడు చూశారు. కంప్యూటర్ ఆగిన రోజు మందులు ఏ రిజిస్టరులో రాసి ఇవ్వాలి. ఆ రిజిస్టరు ఏ బీరువాలో ఉంది.

తొందర పడాల్సిన కారణం ఒకటుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత ప్యాచ్‌లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఎక్స్‌పీ కథే మళ్లీ మొదలు! మరోపక్క కంప్యూటర్ మీద ఆధారం అప్పటికంటే ఎన్నో రెట్లు పెరిగింది. 2025 ఏప్రిల్‌లో ఒడిశాలో ఆయుష్మాన్ భారత్ కూడా మొదలైంది. కార్డు చూసి, కంప్యూటర్‌లో సరిపోల్చుకుని గానీ వైద్యానికి అనుమతి రాదు. 2017లో ఆగింది మందుల లెక్క. ఇప్పుడు తాళం పడితే ఆపరేషన్లే ఆగుతాయి.

ఈ వివరాలు ఎవరైనా అడగొచ్చు. సమాచార హక్కు చట్టం కింద ఒడిశాలో ఫారం-ఏ నింపి, పది రూపాయల రుసుము కడితే చాలు. పాస్‌వర్డులు ఎలాగూ చెప్పరు, అడగక్కర్లేదు కూడా. బాధ్యుడైన అధికారి హోదా ఏమిటి, ఏఎంసీలో ప్యాచ్‌ల మాట ఉందా, బ్యాకప్‌ను చివరిసారి పరీక్షించిన తేదీ ఏది.. ఈ మూడు ప్రశ్నలు చాలు. రోగి కల్యాణ సమితుల్లో కూర్చునే పెద్దలైతే పది రూపాయలు కూడా కట్టకుండానే అడగొచ్చు.

ఈలోగా సరిహద్దు ఊళ్ల పెద్దవాళ్లు తమ ఏర్పాటు తాము చేసుకునే వస్తున్నారు. మందుల షాపు ప్లాస్టిక్ కవర్లో పదేళ్ల నాటి ఓపీ చీటీ నుంచి మొన్నటి రక్తపరీక్ష కాగితం దాకా మడతపెట్టి, రబ్బరు బ్యాండు వేసి, బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. 'ఈ కాగితాలన్నీ ఎందుకమ్మా, కంప్యూటర్లో ఉన్నాయి కదా' అని కౌంటర్‌లో కుర్రాళ్లు నవ్వుతుంటారు. వాళ్లు మాత్రం ఒక్క చీటీ కూడా పారేయరు.